వింటేజ్ తరహా బట్టలతో మొదటి క్విల్టు: ఏ నమూనా ఎంచుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

క్విల్టు అంటే ముక్కలు అతికిన పైపొర, మధ్యలో దూది, కింద అడుగు పొర కలిపి కుట్టిన దుప్పటి, మన బొంతకు చుట్టం. వింటేజ్ తరహా క్విల్టు బట్టలు కొనడానికి ఎవరి సలహా అక్కర్లేదు. కొన్నవాటిని ఏ నమూనాలో పెట్టాలన్న దగ్గరే బండి ఆగిపోతుంది. అమెరికాలో ఉంటూ క్విల్టింగు నేర్చుకుంటున్న తెలుగువాళ్లు, అక్కడి నుంచి బంధువులు తెచ్చిన బట్టలతో ఇక్కడ మొదలుపెట్టినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే సందేహాలివి. ఏ ప్రశ్న దగ్గరైనా మొదలుపెట్టవచ్చు, ముందుది చదవకపోయినా తర్వాతిది అర్థమవుతుంది. నా పక్షపాతం మాత్రం ఇక్కడే చెప్పేస్తాను: ఈ బట్టల అందమంతా అచ్చులోనే ఉంది, నమూనా దానికి అడ్డు రాకూడదు.

## బట్టలన్నీ ముందు పరుచుకున్నప్పుడు

"వింటేజ్ తరహా" అంటే నిజంగా పాత బట్టేనా?

దుకాణంలో తానుల్లో దొరికేది కొత్త బట్టే. పాత క్విల్టుల్లోని డిజైన్లను చూసి మళ్లీ అచ్చు వేస్తారు. వీటిని రీప్రొడక్షన్ ప్రింట్లు అంటారు. నూలు కొత్తది, రంగులు ఇప్పటివి. కాబట్టి మామూలు క్విల్టు బట్టలాగే కోసి, కుట్టి, ఉతికి వాడుకోవచ్చు. అసలైన పాత బట్ట పాత సామాన్ల అంగళ్లలోనో, ఎవరింటి పెట్టెలోనో కొద్దికొద్దిగా దొరుకుతుంది. అమ్మేవాళ్లు "వింటేజ్" అని ఒక్క మాట రాసి ఊరుకుంటే రెండింటిలో ఏదో అడిగి తెలుసుకోండి. ధరలోనూ తేడా ఉంటుంది, తీసుకోవాల్సిన జాగ్రత్తల్లోనూ ఉంటుంది.

నా దగ్గరున్నవి ఏ కాలం తరహావో ఎలా గుర్తుపట్టాలి?

ముందు బట్ట అంచు చూడండి. తయారీదారు పేరు, ఆ వరుస పేరు, అచ్చులో వాడిన రంగుల చుక్కలు అక్కడే ఉంటాయి. అంచు కోసేసిన ముక్కలైతే రంగులే ఆధారం.

ఎక్కువమంది దగ్గర ఉండేవి రెండు కుటుంబాలు. మొదటిది 1930ల తరహా. తెల్లని లేదా లేత నేల మీద చిన్న పూలు, చుక్కలు, బొమ్మలు ఉంటాయి. లేత గులాబీ, వెన్న పసుపు, లేత నీలం, వంగపువ్వు రంగుతో పాటు ఆ కాలానికే ప్రత్యేకమైన, పాలు కలిపినట్టుండే ఆకుపచ్చ కనిపిస్తుంది. ఆర్థిక మాంద్యం రోజుల్లో అమెరికా పల్లెల్లో పిండి, చక్కెర, కోళ్ల దాణా నూలు సంచుల్లో వచ్చేవి. పెద్ద సంచి కుట్టు విప్పితే గజం పైచిలుకు బట్ట దక్కేది. ఆడవాళ్లు దానితో గౌన్లు, దిండు గలేబులు, క్విల్టులు కుట్టుకోవడం చూసి కంపెనీలు సంచుల మీదే పూలు అచ్చు వేయించాయి. దాణా బస్తా ఎంపిక కోళ్ల చేతిలోంచి ఇల్లాలి చేతిలోకి వెళ్లిందన్నమాట. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కాగితం సంచులు రావడంతో ఆ ముచ్చట ముగిసింది.

రెండోది అమెరికా అంతర్యుద్ధ కాలపు తరహా, అంటే 1861–65కు అటూ ఇటూ. మంజిష్ఠ గోధుమ రంగులు, ఇటుక ఎరుపు, నీలిమందు నీలం, గులాబీ మీద ముదురు గులాబీ, అక్కడక్కడ మండుతున్నట్టుండే నారింజ. వీటితో పాటు తెల్లటి నేల మీద సన్నటి నల్లని అచ్చుండే షర్టింగులు.

ఇవి కాక పెద్ద పూలతీగల షింట్జ్ తరహా ఒకటుంది. దాని పుట్టిల్లు మనదే. మచిలీపట్నం సహా కోరమాండల్ తీరం నుంచి ఓడలెక్కిన అద్దకపు నూలు బట్టలు ఐరోపాను ఎంత ఊపేశాయంటే, సొంత నేతగాళ్లను కాపాడుకోవడానికి ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించి 1759 దాకా ఎత్తివేయలేదు. ఇంగ్లండు 1721లో చేసిన చట్టం 1774 దాకా నడిచింది.

రెండు కాలాల బట్టలు ఒకే క్విల్టులో కలపవచ్చా?

కలపకూడదన్న నియమం లేదు, కానీ మొదటి క్విల్టులో కలపవద్దనే నా సలహా. 1930ల లేత రంగుల పక్కన అంతర్యుద్ధ కాలపు గోధుమ రంగు పెడితే లేతది వెలిసినట్టు, ముదురుది మురికి పట్టినట్టు కనిపిస్తాయి. తప్పదనుకుంటే నీలాన్ని వంతెన చేసుకోండి, రెండు కుటుంబాల్లోనూ ఒదిగే రంగు అదొక్కటే.

ఇందులో అమ్మమ్మ చీర ముక్క, పెడన కలంకారీ వేయవచ్చా?

నూలు చీరైతే వేయవచ్చు. అయితే అది క్విల్టు బట్టకన్నా పలుచన. కోసే ముందు వెనక పలుచని ఫ్యూజింగ్ (వేడికి అతుక్కునే జిగురు పూసిన బట్ట) అంటించి ఇస్త్రీ చేస్తే మందం సమానమై, పక్క ముక్క దాన్ని లాగకుండా ఉంటుంది. పట్టు, జార్జెట్ జోలికి ఇప్పుడే వెళ్లవద్దు. అవి జారతాయి, ఇస్త్రీ వేడిమి కూడా వేరు.

పెడన అచ్చు కలంకారీ ఎరుపులు, నలుపులు, గోధుమలు అంతర్యుద్ధ కాలపు తరహాతో చక్కగా కలిసిపోతాయి. 1930ల లేత పూలతో మాత్రం పొసగవు. కలంకారీని విడిగా, నీళ్లు తేటగా వచ్చేదాకా ఉతకాలి. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలిచిపోతుందన్న నమ్మకం మీద ఆధారపడకండి. ఎక్కువైన రంగు వదిలేదాకా ఉతకడమే దారి.

నిజమైన పాత బట్టే దొరికింది. కోసి వాడేయనా?

వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. తర్వాత రెండు చేతులతో ఐమూలగా మెల్లగా లాగండి. చిటపట శబ్దం వచ్చినా, పోగులు విడిపోయినా ఆ బట్ట క్విల్టుకు పనికిరాదు. గోధుమ, నలుపు రంగుల దగ్గర మరింత జాగ్రత్త. 19వ శతాబ్దంలో ఆ రంగులు రావడానికి ఇనుము కలిపేవారు, అది కాలక్రమంలో నూలును తినేస్తుంది. పాత క్విల్టుల్లో పక్క ముక్కలు నిక్షేపంగా ఉండి గోధుమ పూలు మాత్రం జల్లెడై కనిపించేది అందుకే. బట్ట గట్టిగా ఉంటే రోజూ కప్పుకునేదానిలో కాక గోడకు తగిలించే చిన్న పనిలో పెట్టండి.

కోసే ముందు ఉతకాలా?

తానులోంచి గజాల్లెక్కన కొన్నవాటిలో ముదురు ఎరుపు, నీలం ఉంటే ఉతకండి. అన్నీ లేత రంగులైతే మీ ఇష్టం. ముందే కోసి కట్టగా అమ్మే చిన్న ముక్కలను మాత్రం ఉతకవద్దు. అంచులు పీచులై, కొలత తగ్గి, అన్నీ పనికిమాలినవవుతాయి. ఒక పని చేస్తే కొంత ధైర్యం: తడిపిన తెల్ల బట్టతో ముదురు ముక్కను గట్టిగా రుద్ది చూడండి. రంగు అంటితే దానికి ఆ క్విల్టులో చోటు లేదు.

## నమూనా ఎంచుకునేటప్పుడు

నమూనా మీద "సులువు" అని రాసి ఉంటే నమ్మవచ్చా?

ఆ మాట అమ్మేవాళ్లది. మీరు బొమ్మ చూసి మూడు విషయాలు లెక్కపెట్టండి. ఒక బ్లాకులో, అంటే క్విల్టంతా మళ్లీ మళ్లీ వచ్చే చతురస్రంలో, ఎన్ని ముక్కలున్నాయి? తొమ్మిది పదమూడు మధ్య ఉంటే హాయి. ఐమూలగా కోసిన అంచులెన్ని? అవి సాగుతాయి కాబట్టి తక్కువ ఉంటే మంచిది. మొనలు ఒకే బిందువు దగ్గర కలిసే చోట్లెన్ని? నాలుగు చతురస్రాల మూలలు కలవడం వేరు, ఎనిమిది త్రికోణాల మొనలు కలవడం వేరు. వంపు కుట్లు గానీ, మూడు కుట్లు ఒకచోట కలిసి ముక్కను సందులో ఇరికించాల్సిన మూలలు గానీ కనిపిస్తే ఆ నమూనాను తర్వాతి ఏడాదికి దాచుకోండి.

క్విల్టు సైజుకూ సులువుకూ సంబంధం లేదు. చిన్న క్విల్టులో వేలెడు ముక్కలుంటే పెద్ద క్విల్టుకన్నా అదే కష్టం.

1930ల చిన్న పూల బట్టలకు ఏ నమూనా బాగుంటుంది?

నైన్ ప్యాచ్. మూడు వరుసలు, వరుసకు మూడు చతురస్రాలు. అయిదు పూల ముక్కలు, నాలుగు తెల్లవి. ఒక బ్లాకు, పక్కన అంతే సైజు ఖాళీ తెల్ల చతురస్రం, మళ్లీ బ్లాకు, ఇలా పేర్చుకుంటూ పోవడమే. ఖాళీ చతురస్రాలు రెండు పనులు చేస్తాయి. మీ కుట్టు పనిని సగానికి తగ్గిస్తాయి, పూలకు ఊపిరాడే చోటిస్తాయి. ఈ బట్టల్లో ఇప్పటికే ఏడెనిమిది రంగులుంటాయి. పూల పక్కన పూలు, వాటి పక్కన మళ్లీ పూలు పెడితే కంటికి ఏదీ ఆనదు.

అదే ఒడుపుతో ఐరిష్ చెయిన్ కూడా కుట్టవచ్చు. చతురస్రాలు ఐమూలగా గొలుసు కట్టినట్టు నడుస్తాయి, చూసినవాళ్లు చాలా కష్టపడ్డారనుకుంటారు. చర్న్ డాష్ కూడా ఈ రంగుల్లో ముద్దుగా ఉంటుంది గానీ దానిలో నాలుగు మూలలా త్రికోణాలున్నాయి.

బ్యాక్‌గ్రౌండుకు మెరిసే పాల తెలుపు వద్దు, కాస్త మీగడ వైపున్న తెలుపు తీసుకోండి. లేత రంగులు దాని మీదే నిండుగా కనిపిస్తాయి.

గోధుమ, ఎరుపు, నీలం ముదురు అచ్చులు చాలా ఉన్నాయి. వాటితో ఏం కుట్టాలి?

నా ఓటు లాగ్ క్యాబిన్‌కే. 1860ల తర్వాత అమెరికాలో విపరీతంగా వ్యాపించిన నమూనా ఇది, కాబట్టి ఈ బట్టలకు సొంతిల్లు. నడుమ చిన్న ఎరుపు చతురస్రం ఉంటుంది, దాన్ని ఇంట్లో పొయ్యికి గుర్తుగా చెప్పుకుంటారు. దాని చుట్టూ పట్టీలు ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతూ పెరుగుతాయి. రెండు పక్కల లేతవి, మిగిలిన రెండు పక్కల ముదురువి.

దీనిలో త్రికోణం లేదు, మూలలు కలపాల్సిన బాధ దాదాపు లేదు. నడిమి చతురస్రం 2½ అంగుళాలు, పట్టీల వెడల్పు 2 అంగుళాలుగా కోసి మూడు చుట్లు తిప్పితే బ్లాకు కుట్టాక 11 అంగుళాలు తేలుతుంది. మొత్తం పదమూడు ముక్కలు. ఒక పట్టీ కుట్టగానే ఇస్త్రీ పెట్టె ఆనించి వెలుపలికి ఒత్తండి, మిగిలిన కొస కత్తిరించండి, బ్లాకును పావు వంతు తిప్పండి, తర్వాతి పట్టీ వేయండి. చేతికి ఆ లయ పట్టుబడ్డాక ఆగబుద్ధి కాదు. వరుసకు నాలుగు చొప్పున ఆరు వరుసలు, అంటే 24 బ్లాకులకు 44 × 66 అంగుళాల క్విల్టు వస్తుంది. సోఫాలో కూర్చుని కప్పుకోవడానికి సరిపోతుంది.

అసలు వినోదం ఆ తర్వాతే. బ్లాకులను నేల మీద పరిచి ముదురు సగాలను అటూ ఇటూ తిప్పుతుంటే అవే బ్లాకుల నుంచి ఐమూల చారలు వస్తాయి, వజ్రాకారాలు వస్తాయి. ఒక్కో అమరికకు ఒక్కో పేరుంది. ఒక ముక్క అదనంగా కోయకుండా ఇన్ని రూపాలిచ్చే నమూనా మరొకటి లేదు.

లేత సగానికి షర్టింగులు వాడండి. అంతా గోధుమే అయితే క్విల్టు చీకటైపోతుంది.

పెద్ద పూల బట్ట కోయడానికి చేతులు రావడం లేదు. ఏం చేయాలి?

కోయకండి, అంటే చిన్నగా కోయకండి. పువ్వు వెడల్పు ఆరు అంగుళాలుంటే రెండున్నర అంగుళాల ముక్కలో దాని చెవో ముక్కో మిగులుతుంది తప్ప పువ్వు మిగలదు. 8½ అంగుళాల చతురస్రాలుగా కోసి, చుట్టూ ఒకే రంగు పట్టీతో చట్రం కట్టండి. పటం కట్టించినట్టుంటుంది. పువ్వు సరిగ్గా నడుమకు రావాలంటే అదే సైజు కిటికీ కోసిన అట్టను బట్ట మీద జరుపుతూ చోటు చూసుకోండి. బట్ట కొంత వృథా అవుతుంది, పెద్ద పూలకు ఆ ఖర్చు తప్పదు.

పాతకాలంలో దీనికి ఇంకో ఉపాయముండేది. ఖరీదైన షింట్జ్ నుంచి పూలను, పిట్టలను ఆకారం వెంట కత్తిరించి సాదా బట్ట మీద అతికి కుట్టేవారు. దాన్ని బ్రోడ్రీ పెర్స్ అంటారు. చూడముచ్చటగా ఉంటుంది గానీ మొదటి క్విల్టుకు కాదు.

చార్మ్ ప్యాకు, జెల్లీ రోల్ కొన్నాను. వాటికి సరిపోయే నమూనాలేవి?

చార్మ్ ప్యాకులో సాధారణంగా 5 అంగుళాల చతురస్రాలు 42 ఉంటాయి. వాటిలో 41 తీసుకుని, అదే కొలతలో 40 తెల్ల చతురస్రాలు కోసి, చదరంగం గళ్లలా తొమ్మిది వరుసలుగా కుడితే 40½ అంగుళాల చదరపు క్విల్టు వస్తుంది. పసిపిల్లలకు చక్కని బహుమతి.

జెల్లీ రోల్‌లో 2½ అంగుళాల పట్టీలు సాధారణంగా 40. మూడేసి పట్టీలు పొడవునా కలిపి కుట్టి, 6½ అంగుళాలకు ఒకచోట కోస్తే ఒక్కో జతలో ఆరు బ్లాకులు వస్తాయి. ఒకటి నిలువు, ఒకటి అడ్డం పెడితే రైల్ ఫెన్స్. పదమూడు జతలకు 78 బ్లాకులు. వరుసకు ఏడు, పదకొండు వరుసలు పేరిస్తే 42 × 66 అంగుళాలు, ఒక బ్లాకు మిగులు. ప్రతి జతలో ఒక లేత, ఒక మధ్యస్థం, ఒక ముదురు పట్టీ ఉండాలి. లేకపోతే కంచె కనబడదు.

10 అంగుళాల ముక్కల లేయర్ కేక్ అయితే ఉన్నవి ఉన్నట్టే కలిపి కుట్టేయండి. నాకు తెలిసి ఇంతకన్నా త్వరగా పూర్తయ్యే క్విల్టు లేదు.

డబుల్ వెడ్డింగ్ రింగ్ మీద మనసు పడింది. అదే మొదలుపెట్టనా?

1930ల క్విల్టుల్లో అందరి కళ్లూ లాగేది అదే. ఒకదానిలో ఒకటి పెనవేసుకున్న ఉంగరాలు, సంచి పూల చిన్న ముక్కలతో నిండి ఉంటాయి. కానీ దానిలో ఉంగరాలను కలిపే కుట్లన్నీ వంపే, క్విల్టు అంచులూ వంకరే. దానికి బదులు వంపు లేకుండా గుండ్రటి భ్రమ కలిగించే నమూనాలున్నాయి. చతురస్రాల మూలల్లో చిన్న ముక్కలు ఐమూలగా కుట్టి కత్తిరించే స్నోబాల్ అలాంటిది. నైన్ ప్యాచ్‌తో కలిపి పేరిస్తే దూరం నుంచి వలయాలు కనిపిస్తాయి. ఆ కాలానిదే ఇంకేదైనా కావాలనుకుంటే రేకుల్లాంటి ముక్కలు పళ్లెంలా గుండ్రంగా అమర్చే డ్రెస్డెన్ ప్లేట్ ఒకే ఒక్కటి కుట్టి దిండు గలేబు చేసుకోండి.

చేత్తో కుట్టే హెక్సాగన్లు సులువంటున్నారు, నిజమేనా?

సులువే, త్వరగా అయ్యేది కాదు. ఆరు పలకల కాగితపు ముక్క మీదికి బట్ట మడిచి, కచ్చా కుట్టు వేసి, ముక్కలను అంచుకు అంచు కలిపి సన్నగా కుడతారు. మిషను అక్కర్లేదు, కొలత తప్పే ప్రమాదం తక్కువ, రైల్లో కూర్చుని కూడా చేయవచ్చు. 1930లలో అమెరికా ఇళ్లలో విరివిగా కనిపించిన గ్రాండ్‌మదర్స్ ఫ్లవర్ గార్డెన్ ఇదే: నడుమ పసుపు, చుట్టూ ఆరు రేకులు, వాటి చుట్టూ పన్నెండు. మంచం మీద పరిచేంత క్విల్టు కావాలంటే వందలు, ముక్క చిన్నదైతే వేలు పడతాయి. ఓపికకు కొలమానంగా ఒక్క పువ్వు కుట్టి చూసి నిర్ణయించుకోండి.

పాత పత్రికల్లో వచ్చిన నమూనాలు వాడుకోవచ్చా?

వాడుకోవచ్చు, కొంచెం లెక్క వేసుకోవాలి. కాన్సస్ సిటీ స్టార్ పత్రిక 1928 నుంచి 1961 వరకు క్విల్టు నమూనాలు అచ్చువేసింది, ఇప్పటికీ జనం కుడుతున్న బ్లాకులు వాటిలో ఎన్నో ఉన్నాయి. అయితే అప్పటి నమూనాలు చాలావరకు కుట్టడం వచ్చినవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇచ్చినవి. ముక్క ఆకారం ఉంటుంది, కుట్టు కోసం అంచున వదిలే మార్జిన్ మీరే కలుపుకోవాలి, ఎన్ని గజాల బట్ట పడుతుందో ఉండదు. మొదటిసారికి వివరంగా రాసిన కొత్త నమూనానే కొనుక్కోండి.

## లెక్కలు, కత్తిరింపు

విడివిడిగా అన్నీ అందంగానే ఉన్నాయి. కలిపితే గజిబిజిగా ఉంది. ఎందుకు?

రంగులు వేరైనా అన్నీ ఒకే మోతాదు ముదురులో ఉండడం వల్ల. గులాబీ, నీలం, ఆకుపచ్చ వేర్వేరు రంగులే. మూడూ లేతవే అయితే కంటికి ఒకే ముద్ద. బట్టలన్నీ వరుసగా పరిచి ఫోనుతో ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చండి. అన్నీ ఒకే బూడిద రంగులోకి దిగితే జబ్బు తెలిసినట్టే. మరీ లేతవో, మరీ ముదురువో నాలుగు తెచ్చి కలపండి.

అచ్చు సైజు కూడా చూడండి. అన్నీ చిన్న పూలే అయితే మధ్యమధ్య ఒక చారల బట్ట, ఒక గళ్ల బట్ట, రెండు సాదా రంగులు వేయండి. కంటికి ఆగడానికి చోటు దొరుకుతుంది.

నైన్ ప్యాచ్ క్విల్టుకు ఎంత బట్ట కావాలి?

42 × 54 అంగుళాల క్విల్టు అనుకుందాం. బ్లాకులు కుట్టాక 6 అంగుళాలు. వరుసకు ఏడు, తొమ్మిది వరుసలు, మొత్తం 63. వాటిలో 32 నైన్ ప్యాచ్‌లు, 31 ఖాళీ చతురస్రాలు.

పూల బట్టల నుంచి 2½ అంగుళాల చతురస్రాలు 160 కావాలి. 16 రకాల ఫ్యాట్ క్వార్టర్లు (పావు గజం బట్టను సన్నటి పట్టీగా కాక దాదాపు 18 × 21 అంగుళాలుగా కోసి అమ్మే ముక్కలు) ఉంటే ఒక్కోదాని నుంచి 10 కోస్తే చాలు. అంటే ప్రతి ముక్క నుంచీ 2½ అంగుళాల పట్టీలు రెండు. ఒక్కో రకంతో రెండేసి బ్లాకులు తేలతాయి, మిగతా బట్ట మీకే. తెల్ల బట్టలో 2½ అంగుళాల చతురస్రాలు 128, 6½ అంగుళాలవి 31 కావాలి. 42 అంగుళాల పన్నా బట్ట రెండు గజాలు తీసుకుంటే కొంచెం మిగులుతుంది. చుట్టూ అంచు పట్టీకి అర గజం, అడుగు పొరకు మూడు గజాలు.

మన దుకాణాల్లో 36 అంగుళాల పన్నా బట్ట కూడా ఉంటుంది. అది కొంటే తెల్ల బట్ట రెండున్నర గజాలు తీసుకోండి, అడుగు పొర, అంచు పట్టీ కూడా ఆ పన్నాకు మళ్లీ లెక్క వేసుకోండి.

రోటరీ కట్టర్ లేదు. కత్తెరతో కుదురుతుందా?

కుదురుతుంది. బట్ట మీద దొర్లించి కోసే గుండ్రటి బ్లేడున్న రోటరీ కట్టర్‌ను ఓల్ఫా కంపెనీ తెచ్చింది 1979లో. అంతకుముందు క్విల్టులన్నీ కత్తెరతో అయినవే. మందపాటి అట్టతో మార్జిన్ కలిపిన చతురస్రం చేసుకుని, పెన్సిల్‌తో గీసి కోయండి. అట్ట మూలలు అరిగితే మార్చేయండి. 2½ అంగుళాల ముక్క కాస్తా మెల్లమెల్లగా చిన్నదవుతూ పోవడానికి కారణం అదే. వారానికి రెండు క్విల్టులు కుట్టే ఉద్దేశం ఉంటే కట్టర్, చాప, గీతల స్కేలు కొనండి. లేకపోతే తొందర లేదు.

బొమ్మలన్నీ ఒకే దిక్కుకు ఉన్న బట్ట ఉంది. ఎలా వాడాలి?

కుక్కపిల్లలు, గొడుగులు పట్టిన అమ్మాయిలు ఉండే 1930ల బట్టల్లో ఇది మామూలే. బ్లాకును తిప్పాల్సిన నమూనాలో వేస్తే సగం పిల్లలు తలకిందులవుతాయి. ఖాళీ చతురస్రాల్లోనో, బ్లాకు నడిమి ముక్కలోనో వేయండి. లేదా పట్టించుకోకండి, పాత క్విల్టుల్లో తలకిందులైన బొమ్మలు బోలెడు.

## మిషను దగ్గర

పావు అంగుళం మార్జిన్ గురించి అంత పట్టింపు ఎందుకు?

లెక్క చూడండి. మార్జిన్ అంగుళంలో పదహారో వంతు ఎక్కువైతే ఒక్కో కుట్టుకు ఎనిమిదో వంతు తగ్గుతుంది, ఎందుకంటే రెండు పక్కలా తింటుంది. నైన్ ప్యాచ్ బ్లాకులో అడ్డంగా రెండు కుట్లు. 6½ రావాల్సిన బ్లాకు 6¼ వస్తుంది. దాని పక్కన కచ్చితంగా 6½ కోసిన ఖాళీ చతురస్రం కూర్చోదు.

బ్లవుజులు కుట్టే అలవాటున్న చేతికి అర అంగుళం, అంగుళం వదలడం సహజం, అందుకే ఇక్కడ తడబడుతుంది. మొదలుపెట్టే ముందు 1½ అంగుళాల వెడల్పు పట్టీలు మూడు కలిపి కుట్టి, ఇస్త్రీ చేసి నడిమిదాన్ని కొలవండి. సరిగ్గా అంగుళం ఉంటే మీ మార్జిన్ సరైనది. తేడా ఉంటే మిషను పలక మీద సరైన చోట టేపు అంటించి, బట్ట అంచును దాని వెంట నడపండి.

నాలుగు ముక్కల మూలలు ఒకచోట కలవడం లేదు. చిట్కా ఉందా?

ఇస్త్రీలో ఉంది. మొదటి వరుస మార్జిన్లను కుడి వైపుకు, రెండో వరుసవి ఎడమ వైపుకు మడిచి ఒత్తండి. రెండు వరుసలనూ ఎదురెదురు పెట్టి వేళ్లతో తడిమితే రెండు మడతలూ ఒకదానికొకటి తగిలి ఆగిపోతాయి. అక్కడ గుండుసూది గుచ్చి కుట్టండి. ఇస్త్రీ పెట్టెను పైనుంచి దించి ఎత్తాలి, లుంగీని రుద్దినట్టు రుద్దితే చతురస్రం కాస్తా సాగి పలకలు మారుతుంది.

త్రికోణాలు కుట్టినప్పుడల్లా సాగిపోతున్నాయి.

త్రికోణాలు కోయకుండానే కుట్టండి. రెండు 5 అంగుళాల చతురస్రాలను ఎదురెదురు పెట్టి, పైదాని వెనక మూల నుంచి మూలకు గీత గీయండి. గీతకు రెండు వైపులా పావు అంగుళం దూరంలో కుట్టి, గీత మీద కోయండి. రెండు రంగుల చతురస్రాలు రెండు వస్తాయి. వాటిని 4½ అంగుళాలకు సరిచేసుకోండి. ఐమూల అంచు కుట్టాకే బయటపడుతుంది కాబట్టి సాగే అవకాశం తక్కువ.

## పైపొర అయ్యాక

మధ్యలో ఏ దూది వేయాలి?

పాతకాలపు పలుచని, మెత్తని రూపం కావాలంటే నూలు బ్యాటింగు, అంటే దుప్పటిలా పరిచే దూది పొర. మన ఎండలకూ అదే నయం. పాలిస్టర్ తేలిక, చవక, అయితే ఉబ్బుగా ఉంటుంది. బ్యాటింగు దొరకని ఊళ్లో పలుచని నూలు దుప్పటిని మధ్య పొరగా వేసుకోవచ్చు, ముందే ఉతికి ఆరేయాలి. పరుపుల్లో నింపే విడి దూది మాత్రం వద్దు. దగ్గర దగ్గరగా కుడితే తప్ప ఒకటి రెండు ఉతుకులకే మూలల్లోకి ఉండలై చేరుతుంది.

మూడు పొరలనూ కలిపి కుట్టడానికి సులువైన దారి ఏది?

అన్నిటికన్నా సులువు ముడులు వేయడం. దాదాపు నాలుగు అంగుళాలకొకటి చొప్పున మందపాటి నూలు దారం గుచ్చి గట్టిగా ముడి వేస్తారు. ఎంత దూరం వరకు వదలవచ్చో బ్యాటింగు ప్యాకెట్ మీద ఉంటుంది. రెండోది మిషను మీద చతురస్రాల ఐమూల వెంట తిన్నగా కుట్టడం. మూడు పొరలనూ సమానంగా నడిపే వాకింగ్ ఫుట్ ఉంటే ముడతలు పడవు.

చేతి కుట్టు ఇష్టమైతే మొహమాటం అక్కర్లేదు. బొంతలు కుట్టిన ఇళ్లలో పెరిగినవాళ్లకు ఆ పరుగు కుట్టు వచ్చే ఉంటుంది. అదే ఇక్కడా, కాస్త దగ్గరగా. వింటేజ్ అచ్చుల మీద మిషను గీతలకన్నా అదే అందంగా ఉంటుందని నా అభిప్రాయం. మీ అత్తగారు కూడా ఒక చెయ్యి వేస్తానంటే ఇవ్వండి.

ఉతికాక ముడతలు ముడతలుగా అయింది. పాడైపోయిందా?

లేదు, అదే కావాల్సింది. నూలు బ్యాటింగు మొదటి ఉతుకులో కొంచెం కుంచించుకుపోయి కుట్టు కుట్టుకూ మధ్య బట్టను పొంగిస్తుంది. పాత క్విల్టులు అలా కనిపించేది అందుకే. ముడతలు అసలు వద్దనుకుంటే, కుట్టే ముందే బట్టలూ బ్యాటింగూ తడిపి ఆరబెట్టాలి. బ్యాటింగును తడపవచ్చో లేదో ప్యాకెట్ మీద చూసుకోండి.

ఎరుపు రంగు దిగి తెల్లటి చోట గులాబీ మరకలు పడ్డాయి. ఇప్పుడెలా?

ఆరనివ్వకండి, ఇస్త్రీ అస్సలు చేయకండి. పెద్ద టబ్బులో క్విల్టు పూర్తిగా మునిగేలా వేడినీళ్లు పోసి, కాస్త ఎక్కువగా డిటర్జెంటు వేసి రాత్రంతా నానబెట్టండి. వదిలిన రంగు నీళ్లలోనే తేలి ఉండిపోతుంది, మళ్లీ బట్టకు అంటదు. నీళ్లు రంగు తేలినంతకాలం మార్చి మళ్లీ నానబెట్టండి. క్లోరిన్ బ్లీచ్ జోలికి పోవద్దు, అది మరకతో పాటు పూలనూ తీసుకుపోతుంది.

బీరువాలో ఎలా దాచాలి?

ప్లాస్టిక్ కవరులో కాదు, వానాకాలంలో లోపల చెమ్మ చేరి బూజు పడుతుంది. ఉతికిన పాత నూలు దుప్పటిలో చుట్టండి. చెక్క అరకు నేరుగా తగలనివ్వకండి, చెక్కలోని ఆమ్లం ఏళ్ల తరబడి బట్టను పసుపు చేస్తుంది. మూడు నాలుగు నెలలకోసారి తీసి, నీడలో గాలికి ఆరేసి, వేరే గీత వెంట మడవండి. ఎప్పుడూ ఒకేచోట మడిస్తే అక్కడే పోగులు తెగుతాయి. ఎండిన వేపాకు పెట్టేట్టయితే గుడ్డ సంచిలో కట్టి పెట్టండి, ఆకు నేరుగా తగిలితే మరక పడుతుంది.